కదలని నాలుగో ఫేసు

ఆ వయసులో నాకు ఎవరి మాటా నమ్మబుద్ధయ్యేది కాదు. పాలు పోసేవాడు నవ్వితే ఆ రోజు నీళ్లు ఎక్కువ కలిపాడనుకునేవాణ్ని (పాపం, మంచి పాలే పోసేవాడు). నాలుగడుగులు తవ్వితే నీళ్లూరే కోనసీమలో పుట్టిన నేను, ఇరవై నాలుగేళ్లకు ఒక బొగ్గుగనిలో గుమాస్తాగా చేరాను. అప్పుడే అక్కడికి కొత్తగా కంప్యూటరు వచ్చింది. లోపల బొగ్గు తవ్వే చోటును ఫేసు అంటారు. ఏ ఫేసు ఎంత ముందుకు జరిగిందో, ఎన్ని టబ్బులు (పట్టాల మీది తొట్టిబళ్లు) బొగ్గుతో నిండాయో రోజూ అందులో ఎక్కించడం నా పని. ఆ కొలతలు చెప్పేది ఓవర్‌మన్, అంటే షిఫ్టుకు పెద్ద. ఆయనది రాజోలు. మా వైపు మనిషి కదా అని బాబాయిగారూ అనేవాణ్ని. "నాలుగో ఫేసు ఆరడుగులండి, రాసుకోండి" అనేవారు కాగితం చూడకుండా. కాగితం చూడని మనిషిని నమ్మడం ఎలా?

"టేపుతో కొలిచేరా బాబాయిగారూ?"

"ఆయ్, కొలిచేనండి. అనుమానంగా ఉంటే నన్ను కూడా ఓసారి కొల్చుకోండి."

దాంతో అనుమానం రెట్టింపైంది. అనుమతి తీసుకుని గనిలోకి దిగి, నాలుగో ఫేసు దగ్గర కప్పుకు ఆనించిన ఒక కొయ్య గుంజ మీద ఎవరికీ చెప్పకుండా సుద్దగీత గీశాను. రోజూ ఆ గీత నుంచి ఫేసు దాకా కొలిచి డైరీలో రాసుకున్నాను. సోమవారం పదడుగులు. మంగళవారం పదడుగులు. బుధవారం పదడుగుల రెండంగుళాలు (ఆ రెండంగుళాలు వదలనందుకు నా నిజాయితీకి నేనే మురిసిపోయాను). అంటే ఫేసు కదల్లేదు, బాబాయిగారివి కాకిలెక్కలు. శుక్రవారం ఆయన అంకెలు తీసేసి కంప్యూటర్లో నావి ఎక్కించి, మేనేజరుగారికి ఫిర్యాదు రాసిచ్చాను.

మర్నాడు ఇద్దరినీ పిలిచారు. "ఫేసు కదలలేదట, టబ్బులు మాత్రం నిండాయట. ఈ బొగ్గు ఎక్కణ్నుంచి తెచ్చారయ్యా, పక్క గని నుంచా? దొంగలెక్కలని తేలితే సస్పెన్షనే" అన్నారు మేనేజరుగారు. బాబాయిగారి రిటైర్మెంటుకు రెండు నెలలే ఉంది. అప్పటిదాకా ఒక్క మెమో కూడా అందుకోని మనిషి. ఆయన ముఖం చూడలేక నేను డైరీ చూసుకున్నాను.

ముగ్గురం గనిలోకి దిగాం. "ఎక్కణ్నుంచి కొలిచేరో చూపించండి బాబూ" అన్నారు బాబాయిగారు. నేను నా గుంజ కోసం వెతుకుతుండగా, ఇద్దరు పనివాళ్లు దాన్ని భుజాల మీద మోసుకుంటూ మా ముందు నుంచే ఫేసు వైపు వెళ్లారు. దాని మీద నా సుద్దగీత తెల్లగా మెరుస్తోంది. ఫేసు జరిగినప్పుడల్లా కప్పు కూలకుండా ఆ గుంజల్ని కూడా ఊడదీసి అంతే దూరం ముందుకు నిలబెడతారట. అన్నాళ్లూ నా గీత కూడా ఫేసు వెంటే నడిచింది.

"ఇప్పుడు ఇతని మీద మీరు రాసివ్వండి ఫిర్యాదు" అన్నారు మేనేజరుగారు.

"ఎందుకులెండి. కొలవడం బాగానే కొలిచేరండి. నడిచే గుంజని పట్టుకున్నారంతే."

సాయంత్రం ఆయన నా పక్కన కూర్చుని ఐదు రోజుల అంకెలూ మళ్లీ చెప్పారు, మళ్లీ కాగితం లేకుండానే. నేను తలవంచుకుని ఎక్కించాను. సిగ్గుపడ్డానా అంటే పడ్డాను. నమ్మానా అంటే, సోమవారం పొద్దున ఫేసు ఉన్నచోటే ఈసారి గోడ మీద గీత గీసి, షిఫ్టు అయ్యాక మళ్లీ టేపుతో దిగాను. టేపు కొస గోడకు నిలవక అవస్థ పడుతుంటే వెనక నుంచి ఎవరో పట్టుకున్నారు. "ఆయ్, లాగండి" అన్నారు బాబాయిగారు. సరిగ్గా ఆరడుగులు.

ఇప్పుడు కోనసీమకు తిరిగొచ్చి, కొత్తపేటలో ఇంట్లో కూర్చుని డైరీలో ఆనాటి పేజీ తిరగేస్తే, ఆరడుగుల పక్కన ఆయన సంతకం కనిపిస్తోంది. సాక్షిగా పెట్టమని అడిగింది నేనే. ఆ అడిగినవాణ్ని తలుచుకుంటే ఇప్పుడు కోపం రాదు, నవ్వొస్తుంది. ఆయన మారుమాటాడకుండా పెన్ను అందుకున్నారే, అది తలుచుకుంటేనే నవ్వు మధ్యలో ఆగిపోతుంది.