మాస్టారు వేసుకున్న రెండో మాత్ర

మా సైన్సు మాస్టారు పోయారని వాళ్లబ్బాయి ఫోన్ చేసినప్పుడు నేను ఏలూరులో, మా షుగర్ క్లినిక్‌లో, ఒక పేషెంటు చీలమండకి పట్టీ చుడుతున్నాను. "గుండెపోటక్కా, పొద్దున్నే" అన్నాడు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "అదెలా తమ్ముడూ, మాస్టారి రిపోర్టు బావుందిగా!" చావు కబురు చెప్పినవాడితో అనాల్సిన మాటేనా అది? కానీ ఆ రిపోర్టు తీసింది నేను.

నా పని చాలామందికి తెలియదు కాబట్టి చెబుతాను. షుగర్ ఉన్నవాళ్లకి ఏళ్లు గడిచేకొద్దీ రక్తనాళాలు సాగే గుణం పోయి బిరుసెక్కుతాయి. చేతులకీ కాళ్లకీ పట్టీలు కట్టి, గుండె కొట్టిన దెబ్బ కాలిదాకా ఎంత వేగంగా వెళ్లిందో మా మిషన్ కొలుస్తుంది. నాళం ఎంత బిరుసైతే అంత వేగం. నంబరు పెరిగితే డాక్టరుగారు మందులు మారుస్తారు. మూడు రోజులు అన్నం మానేసి షుగర్ టెస్టుని మభ్యపెట్టేవాళ్లు మా వైపు బోలెడుమంది. ఈ మిషన్ని మాత్రం ఎవరూ ఏమార్చలేరని గొప్పలు పోయేదాన్ని.

మాస్టారు భీమడోలు నుంచి ఆరు నెలలకోసారి పాసింజరులో వచ్చేవారు. చెప్పులు గుమ్మం బయట జంటగా, గోడకి ఆనించి విడిచేవారు. బల్ల మీద పడుకుంటూ, "తొమ్మిదో క్లాసులో నీకు లోలకం పట్టుకోవడం వచ్చేది కాదు. ఇప్పుడు నన్నే పట్టుకుని కొలుస్తున్నావు" అని నవ్వేవారు. ఆ లోలకం ప్రయోగంలోనే, గైడులో ఉన్న అంకె ఎక్కించినందుకు నా రికార్డు చించేశారు. "చూసిందే రాయి తల్లీ. రావాల్సింది రాయకు" అన్నారు. నా ఉద్యోగమంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తోంది.

మొదటిసారి ఆయన నంబరు ఎక్కువ వచ్చింది. చెప్పాక ఆయన మొహం చిన్నబోయింది. వెళ్తూ వెళ్తూ, "అయితే బీపీ తగ్గితే ఈ నంబరు కూడా తగ్గుతుందా?" అని అడిగారు. మాస్టారు నన్ను డౌటు అడగడమే! పొంగిపోయాను. "అవునండి, టెస్టు టైముకి బీపీ ఎంతుంటే దాన్నిబట్టి కొంత మారుతుందండి" అని పూసగుచ్చినట్టు చెప్పాను.

ఆ తర్వాత ప్రతిసారీ నంబరు దిగింది. బీపీ కూడా దిగింది. డాక్టరుగారు సంతోషించి పాత మందులే వాడమన్నారు. "మీరు క్లాసు ఫస్టండీ" అని నేనంటే, మాస్టారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ తల వంచుకునేవారు. ఒకసారి బల్ల దిగుతూ తూలితే పట్టుకున్నాను. "రైల్లో నించుని వచ్చానమ్మా" అన్నారు. నమ్మాను. మాస్టారిని నమ్మక ఇంకెవరిని నమ్ముతాను?

పెద్దకర్మకి వెళ్లాను. మాస్టారి భార్యని నేను పిన్నిగారూ అంటాను. నా చెయ్యి పట్టుకుని ఏడుస్తూనే చెప్పారు.

"నీ దగ్గరికి వచ్చే రోజు బీపీ మాత్రలు రెండు వేసుకునేవారమ్మా. ఒక్కోసారి మూడు. వద్దండీ అంటే, 'అది నా స్టూడెంటే, దాని దగ్గర తప్పమంటావా' అనేవారు. మిగతా రోజులు ఒక్కటి కూడా సరిగ్గా వేసుకునేవారు కాదు."

"పరీక్ష హాల్లో చీటీ దొరికితే సొంత కొడుకుని బయటికి పంపేశారు కదండీ పిన్నిగారూ!" అన్నాను. ఆవిడ కళ్లు తుడుచుకుని, "పంపారమ్మా" అన్నారు.

మందులు మార్చి ఉంటే బతికేవారా అంటే, చెప్పలేమన్నారు డాక్టరుగారు. సరే. కానీ నా చేత్తో, నా సంతకంతో ఆయన దొంగ అంకెలు రాయించారు. బీపీ తగ్గితే నంబరు తగ్గుతుందని చెప్పి ఆ చీటీ అందించిందీ నేనే. మాస్టారూ, నా దగ్గర తప్పితే ఏమయ్యేదండీ? రెండు పూటలా ఫోన్ చేసి మాత్ర వేయించేదాన్ని కదా! మీరు లేకపోతే నేను ఈ మిషన్ ముందు నిలబడేదాన్నే కాదు. అందుకే నాకింత మండుతోంది.

మర్నాడు కొల్లేరు లంకల నుంచి ఒక పెద్దాయన వచ్చారు. పట్టీలు కట్టి, "పొద్దున బీపీ మాత్రలు ఎన్ని వేసుకున్నారండీ?" అని అడిగాను.

"ఆయ్, ఒకటేనండి."

"షీటు చూపించండి."

ఆయన నా మొహంలోకి చూసి, జేబులోంచి మాత్రల షీటు తీసి ఇచ్చారు. ఎప్పుడు మొదలుపెట్టారో అడిగి, ఆయన కళ్లముందే ఖాళీ గుంటలు లెక్కపెట్టాను. సరిపోయాయి. పెద్దాయన గోడవైపు తల తిప్పుకున్నారు. మిషన్ నడుస్తున్నంతసేపూ ఇటు తిరగలేదు.