సెగ తెలియని చెయ్యి

మా అత్తగారి నోట వేడి అన్న మాట రాదు. ఏదైనా సెగే. "పప్పు సన్న సెగ మీద ఉడకనివ్వవే", "పొయ్యి దగ్గర పిల్లని ఉంచకు, సెగ కొడుతుంది". మెడ మీద కురుపు లేస్తే సెగగడ్డ. పేపర్లవాళ్ళు ధరలకీ ఎన్నికలకీ కూడా సెగ అంటగడతారు. చదివి పక్కన పడేస్తే ఆ సెగ చల్లారిపోతుంది. ఈవిడది చల్లారే సెగ కాదు. చొక్కాల ఫ్యాక్టరీలో, ఇస్త్రీ గదిలో పని.

ఆ గది నేను చూశాను. తెల్లబట్టల మీద దుమ్ము పడుతుందని కిటికీలు మూసేస్తారు. ఫ్యాను వేస్తే కాలర్లు ఎగురుతాయట. కుడిచెయ్యి ఆవిరి ఇస్త్రీపెట్టెను తోస్తుంటే, ఎడమచెయ్యి దాని వెనకాలే పరుగెత్తాలి. గుడ్డ చల్లారకముందే కాలరును వేళ్ళతో నొక్కి మడవాలి. గ్లౌజులు వేసుకుంటే మడత పదునుగా రాదని ఇవ్వరు. ఏళ్ళ తరబడి అలా పరుగెత్తీ పరుగెత్తీ మా అత్తగారి ఎడమచెయ్యి మొద్దుబారింది. పిడి పట్టీ పట్టీ కాయలు కాసిన కుడిచేతికీ సెగ అంతంతమాత్రమే తెలుస్తుంది. ఆవిడకి ఫ్యాక్టరీవాళ్ళు పెట్టిన పేరు ఉక్కుచెయ్యి! కొత్తగా చేరినవాళ్ళు అబ్బా అని చెయ్యి వెనక్కి లాక్కుంటే సూపర్‌వైజరు ఈవిడనే చూపిస్తాడు.

"ఆవిడని చూసి నేర్చుకోండి. ఆ చేతికి సెగే తగలదు!"

ఈ పిచ్చితల్లి ఆ మాటకి పొంగిపోయేది.

మొన్నామధ్య ఓ ఆదివారం మనవరాలికి స్నానం చేయించబోయింది. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. వేడినీళ్ళలో చన్నీళ్ళు కలిపి, అలవాటుకొద్దీ ఎడమచెయ్యి ముంచి చూసి, చెంబెత్తి పిల్ల కాళ్ళ మీద పోసింది. పిల్ల పెట్టిన కేకకి నేను బట్టలు వదిలేసి పరుగెత్తాను. లేత పాదాలు ఎర్రగా కందిపోయాయి. బొబ్బలెక్కలేదు, అదొక్కటే నయం.

"గోరువెచ్చగానే ఉన్నాయి కదే..." అంటూ ఆవిడ మళ్ళీ బకెట్లో చెయ్యి ముంచింది. తీసింది. మళ్ళీ ముంచింది. నేను వేలు పెడితే చురుక్కుమంది.

ఆ రోజు నుంచి పిల్లని ముట్టుకోవడమే మానేసింది. అది దగ్గరికొస్తే చేతులు కొంగులో దాచుకునేది. "నా చెయ్యి మంచిది కాదే అమ్మాయ్" అనేది. పని చేసీ చేసీ చచ్చిన చెయ్యి చెడ్డదట! ఏ తప్పూ చెయ్యని మనిషి తలదించుకోవడమేమిటి? నాకు ఒళ్ళు మండింది. ఫ్యాక్టరీకి వెళ్ళి సూపర్‌వైజరును గేటు దగ్గరే నిలదీశాను.

అంతా విని నవ్వాడు. "సెగ తెలియకపోతే మంచిదే కదమ్మా, హాయిగా పని చేసుకోవచ్చు."

"మీ ఇంట్లో పిల్లలకి నీళ్ళు పోసేదెవరండీ?"

"మా ఆవిడ."

"ఆవిడ చెయ్యి ఇలా అయితే హాయిగా ఉంటుందా?"

అతను నవ్వు ఆపి, గ్లౌజుల సంగతి పైవాళ్ళకి చెబుతానన్నాడు. గ్లౌజులు మాత్రం ఈరోజుకీ రాలేదు.

నిన్న పిల్ల మొండికేసింది, నానమ్మే పొయ్యాలని. నేను నీళ్ళు కలిపి, బకెట్టు ఆవిడ ముందు పెట్టి, "పొయ్యండి అత్తయ్యా" అన్నాను. ఆవిడ చేతులు కొంగులోంచి తియ్యలేదు. తర్వాత నేల మీద కూలబడి, బకెట్టు మీదికి వంగి, ముందు ఆవిరికి, ఆ తర్వాత మెల్లగా నీళ్ళకి చెంప ఆనించింది.

"తెలుస్తోందే" అంది.

మనవరాలికి నీళ్ళు పొయ్యడానికి ఒక మనిషి బకెట్లో మొహం పెట్టాలా? పిల్ల ఇదేదో ఆట అనుకుంది. పక్కనే వంగి, తన చెంప కూడా నీళ్ళకి ఆనించి చూసింది.

"బాగున్నాయి నానమ్మా, పొయ్యి."