పురుగు అందరికీ, గుండె జబ్బు కొందరికే

కరోనా సద్దుమణిగిన మరుసటి చలికాలంలో నన్ను గూడెం కొత్తవీధి పైనున్న కొండ ఊళ్ళకు ఎకో టెక్నీషియన్‌గా వేశారు. ఎకో అంటే గుండెను తెర మీద చూపే పరీక్ష. కాంట్రాక్టు ఉద్యోగం కనుక ప్రాజెక్టుతోపాటే ముప్పై రెండేళ్ళ వయసుకే రిటైరయ్యాను. పెన్షన్ బదులు ఈ జ్ఞాపకాలు.

కడుపులో పురుగులు చేరితే రక్తంలో ఈసినోఫిల్ అనే కణాలు పెరుగుతాయి. చాలామందికి అంతటితో సరి. కొందరికి ఆ కణాలు గుండె లోపలి పొరలో చేరి దాన్ని బిరుసు చేస్తాయి. ఆ కొందరే ఎందుకు, అది రక్తసంబంధంలో ఉందా అన్నది మా ప్రశ్న. ఆ జబ్బుతో పోయినవాడి తోబుట్టువులకూ పిల్లలకూ ఎకో తీయాలి. మిగతావారికి పురుగుల మాత్ర చాలు. డాక్టరుగారికే సగం అర్థమైన ఈ సంగతిని ఊరికి వివరించడం నా డ్యూటీ.

ఒక ఊళ్ళో అలా పోయినవాడి తమ్ముడు చిన్నయ్య. అతని గుండె బాగుంది. చంకలో పిల్లాడున్నాడు. తండ్రెవరంటే "నానే" అన్నాడు. తమ్ముడి కొడుకే కదా అని మాత్ర ఇచ్చి వెళ్ళమన్నాను. చిన్నయ్య భార్య ముత్తెమ్మ కదల్లేదు.

"ఈడి గుండె సూడరేటి?"

"తండ్రిది బాగుందమ్మా, ఇంక భయమెందుకు?"

"ఏ తండ్రిది?"

నేను రాసుకున్న కాగితం మళ్ళీ తీశాను.

"అన్న పోనాక వదినని మనువాడినాను బాబూ," అన్నాడు చిన్నయ్య. "గుంటడు నా కొడుకు కాక ఎవుడి కొడుకు?"

అక్కడి ఆచారం అది. అతను అబద్ధమాడలేదు.

"పెంచేది ఈయనే, రగతం ఆయనది," అంది ముత్తెమ్మ. "మీరొచ్చింది రగతం కోసమే కదేటి?"

ఎకో తీశాం. పొర కాస్త మందంగా ఉంది. డాక్టరుగారు చాలాసేపు చూసి, వంశం వల్ల కావచ్చు, పురుగుల వల్ల కావచ్చు, రెండూ కావచ్చన్నారు. నాకు అంతకుముందే నయం, ఒక్క అనుమానమే ఉండేది. ముత్తెమ్మ మాత్రం మందుందా అని అడిగింది. ముందుగానే దొరికింది కనుక ఉందన్నారు.

విశాఖ ఆసుపత్రిలో తండ్రెవరని అడిగితే చిన్నయ్య మళ్ళీ "నానే" అన్నాడు. నేను పక్కనే ఉండి దిద్దలేదు. మా ప్రాజెక్టు కోసం గీసిన వాళ్ళ వంశవృక్షంలో మాత్రం గీతను పోయినవాడికి కలిపాను.

మరుసటి ఏడు ఎకోలో పొర మందం పెరగలేదు. కారణం తేలకుండానే ప్రాజెక్టు మూతపడింది. నేను నేర్చుకున్నది ఇంతే: కొండ మీద తండ్రెవరని రెండుసార్లు అడగాలి, రెండోసారి తల్లిని.