ఆమె వద్దన్న సీటు

ఖరగ్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ రూంలో ఆ అమ్మాయి నా పక్కన కూర్చుని పొట్లంలోంచి కారం మరమరాల ఝాల్‌మూడి తింటోంది. నేను ఫోన్లో నాన్నతో లోన్ సంగతి మాట్లాడుతుంటే విని, "మీరూ తెలుగోలేనా?" అని పలకరించింది. తనూ నాలాగే లా మొదటి ఏడాది అయ్యాక కాలేజీ మారుతోందట. కలకత్తాలో ఒకే ఖరీదైన కాలేజీలో ఇద్దరికీ సీటొచ్చింది.

"నాను వద్దనేసినాను. పక్కూర్లో చిన్న కాలేజీకెల్తన్నాను, ఫీజు తక్కువ," అంది తాపీగా.

"మరి ఉద్యోగం? పెద్ద కాలేజీకైతే కంపెనీలే వస్తాయి కదా."

"ఏటి ఉద్యోగం? మా తాత, మా నాన్న ఇద్దరూ వకీళ్లే. ఎక్కడ సదివినా నాను కూకునేది మా నాన్న చాంబర్లోనే." పొట్లం నా వైపు జరిపింది.

మాది ఖరగ్‌పూర్లోనే నిమ్‌పురా పేట. మా ఇంట్లో అందరూ రైల్వే షెడ్డులో పనిచేసినవాళ్లే. నల్లకోటు వేసినవాళ్లు ఒక్కరూ లేరు. నాకు కడుపు మండిపోయింది. ఆకలేస్తున్నా ఆ పొట్లం ముట్టుకోలేదు.

అప్పుచేసి ఆ పెద్ద కాలేజీలోనే చదివాను. ఉద్యోగమూ వచ్చింది. మా కాలేజీ పేరు చెబితే ఆఫీసులో కొందరు కుళ్లుకుంటారు. నేను మాత్రం, తక్కువ ఫీజుతో చదువుకునే స్తోమత ఉన్న ఆ పిల్లని తలుచుకుని ఇవాళ్టికీ కుళ్లుకుంటాను.