మా ఇంటి ముందర సేవ

సూర్యాపేటలో మా వాడవాళ్లు నన్ను రాష్ట్రపతి అని పిలిచేవాళ్లు. మా అమ్మ రాష్ట్రపతి తల్లి. బోరింగు దగ్గర మురుగు పొంగినప్పుడల్లా ఆ పేరు మా గుమ్మం దాకా వచ్చేది. "ఓ రాష్ట్రపతీ, నీళ్లు పోతలేవు, జర సూడు!"

ఆ పేరుకోసం నేను నిజంగానే కష్టపడ్డాను. బడిలో మగపిల్లలకు స్కౌట్లు ఉన్నట్టే ఆడపిల్లలకు గైడ్లు. ముడులు వేయడం, జెండా ఎక్కించడం, గాయానికి కట్టు కట్టడం నేర్చుకుంటూ ఒక్కో మెట్టు ఎక్కాలి. అన్నిటికంటే పైమెట్టు రాష్ట్రపతి గైడు. ఎనభైల చివర మా ప్రభుత్వ బాలికల పాఠశాలలో ఆ పైమెట్టు ముందు దాకా వచ్చినవాళ్లం ఇద్దరమే. ఒకతె మార్కెట్ యార్డులో అడ్తి దుకాణం ఉన్న సేటు బిడ్డ. రెండోదాన్ని నేను. మా అమ్మ ఆ దుకాణంలోనే చాట కూలీ. రైతులు తెచ్చి పోసిన ధాన్యాన్ని చెరగడం, కుప్ప చేయడం, లారీ వెళ్లిపోయాక నేల ఊడ్వడం ఆమె పని. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు.

ఆ పైమెట్టు ఎక్కినవాళ్లకు ఢిల్లీలో రాష్ట్రపతి ఇచ్చే పట్టా చేతికొస్తే రైల్వే ఉద్యోగాల్లో వేరే కోటా ఉంటుందని మా గైడు టీచర్ మొదట్లోనే చెప్పింది. మిగతా పిల్లలు ఆ మాట విని మరిచిపోయారు. నేను మరవలేదు. అమ్మ చేతిలోంచి ఆ చాటను తీసి అవతల పెట్టే దారి నాకు ఇంకొకటి కనిపించలేదు.

నా చదువులో బడి వాటా సగమే. మిగతా సగం ఊరి గ్రంథాలయానిది. ఆ గదిలో అప్పట్లో ఆడపిల్ల కూర్చోవడమే వింత. పేపరు చదివే పెద్దమనుషులు నాకు దారి ఇవ్వడానికి కాళ్లు ముడుచుకుని, నేను దాటగానే మళ్లీ చాపుకునేవాళ్లు. వ్యవసాయం, బాలింతల ఆరోగ్యం, రేడియో రిపేరు, రష్యా నుంచి వచ్చిన నున్నటి కాగితాల సైన్సు పుస్తకాలు, ఏది దొరికితే అది చదివాను. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు లైబ్రేరియన్ అందులోంచి ఒక ప్రశ్న అడిగేవాడు. నిజంగా చదివానా, బొమ్మలు చూసి ఇచ్చానా అని ఆయన అనుమానం. కొన్నాళ్లకు అడగడం మానేశాడు. ఆ మానేయడం నా జీవితంలో నాకు దొరికిన మొదటి పట్టా అనుకుంటాను. చివరిదీ అదే.

పైమెట్టుకు కావలసింది ఒక సేవా కార్యక్రమం. ఎక్కడ, ఎవరికి, ఎట్లా చేయాలో గైడే ఆలోచించాలి, గైడే చేసి చూపించాలి. ఆ తర్వాత బయటినుంచి ఒక పరీక్షాధికారి వచ్చి చూస్తాడు. ఒక సాయంత్రం టీచర్ మా ఇద్దరినీ, చిన్న తరగతుల గైడ్లనూ వరండాలో కూర్చోబెట్టింది.

"ఏం చేస్తరో చెప్పున్రి. చెట్లు నాటుడు, గుడి కడుగుడు మాత్రం నాకు చెప్పకున్రి."

"బస్టాండ్ల చలివేంద్రం పెడ్దం టీచర్. డ్రమ్ములు మా బాపు ఇస్తడు," అంది సేటు బిడ్డ.

"డ్రమ్ములు మీ బాపు ఇచ్చి, నీళ్లు మునిసిపాలిటీ ఇస్తే, నువ్వేం చేసినట్టే?"

అందరూ నవ్వారు. సేటు బిడ్డ కూడా నవ్వింది. నా వంతు వచ్చింది. మురుగునీళ్లు నిలిచేచోట ఇంకుడు గుంత తవ్వాలని చెప్పాను. అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద ఇటుక ముక్కలు, ఆ పైన కంకర, ఇసుక. నీళ్లు దిగే మూతి దగ్గర చిల్లులు పొడిచిన కుండ పెట్టి, అందులో కొబ్బరి పీచు కుక్కాలి. చెత్త పీచు దగ్గర ఆగిపోతుంది, నీళ్లు భూమిలోకి ఇంకుతాయి. దోమలుండవు. గ్రామ పారిశుద్ధ్యం మీద ఉన్న ఒక పాత పుస్తకంలో చదివి, ఆ బొమ్మను మనసులో అచ్చు గుద్దుకున్నాను.

"గిదంత నీకెవరు చెప్పిన్రే?"

"లైబ్రరీల చదివిన టీచర్."

"మరి ఎక్కడ తవ్వుతవ్?"

"మా వాడల. రెండు బోరింగులున్నయి. రెండిటి కాడ మురుగే."

వెనక నుంచి ఒక చిన్నపిల్ల "ముక్కు మూసుకుంటే పార ఎట్ల పట్టుకుంటం టీచర్?" అంది. మళ్లీ నవ్వులు. టీచర్ నవ్వలేదు. "సేవ అవసరమున్నది అసుంటి జాగకే. మంచిగ ఆలోచించినవ్," అంది. ఆ మాటకు పొంగిపోయి ఇంటిదాకా దాదాపు పరుగెత్తాను.

వాడ మొదట్లో ఉన్న బోరింగు గుంత సేటు బిడ్డ పేరు మీద, చివర మా ఇంటి ముందరి బోరింగు గుంత నా పేరు మీద అని టీచర్ పంచింది. చిన్న గైడ్లు రాళ్లూ ఇటుక ముక్కలూ ఏరుకురావాలి. మాది ఎర్రమట్టి నేల. మూరెడు దిగేసరికి మొరం తగిలింది. గడ్డపార వేస్తే చేతులు జిల్లుమనేవి.

సేటు బిడ్డ చెడ్డది కాదు. మొదటిరోజు నిజంగానే గడ్డపార ఎత్తింది. మధ్యాహ్నానికి అరచేతులు ఎర్రగా కందిపోతే, నాకు చూపించి "నీకెందుకు కాలే?" అని అమాయకంగా అడిగింది. మర్నాడు ఆ పిల్ల రాలేదు. ఆమె గుంతలో ఎవరో దిగి తవ్వుతున్నారు. కొంగు నడుముకు బిగించుకున్న ఆ వీపును దూరం నుంచే గుర్తుపట్టాను.

"నువ్వేందమ్మా గీడ?"

"సేటు తోలిండు. బిడ్డ చేతులు బొబ్బలెక్కినయంట. మిగిలింది తవ్విరా పో అన్నడు."

"అది ఆమె తవ్వాలె. మార్కులు ఆమెకేస్తరు."

"మార్కులు ఆమెకెయ్యనీ. కూలి నాకిస్తడు. నీకెవరిస్తరే?" అని అమ్మ గడ్డపార మీద చేతులానించి నవ్వింది. మార్కెట్ దుమ్ము లేకుండా ఒకరోజు పని దొరికిందని ఆమెకు సంతోషం.

బిందెతో వచ్చిన పక్కింటి పెద్దమ్మకు ఇది మంచి వినోదమైంది. "ఈ కొసకు తల్లి గుంత, ఆ కొసకు బిడ్డ గుంత. పోటీ పెట్టుకున్నరా ఏందే? గెలిస్తే ఏమిస్తరు?"

"రాష్ట్రపతి ఇస్తరంట అక్కా," అంది అమ్మ.

"రాష్ట్రపతినే ఇస్తరా! తెచ్చుకొని ఏడ కట్టేస్కుంటరే? మీ ఇంట్ల మేకకే జాగ లేదు!"

వాడంతా నవ్వింది. నాకు ఆ పేరు పెట్టింది ఆ రోజే.

టీచర్ వచ్చినప్పుడు పక్కకు పిలిచి చెప్పాను, ఆ గుంత మా అమ్మ తవ్వుతోందని. టీచర్ అటు చూసి, నా వైపు చూసి, గొంతు తగ్గించింది. "సహాయం తీస్కోవద్దని రూల్ లేదు గదనే. పదిమందితోని పని చేపిచ్చుడు గూడ నాయకత్వమే." డ్రమ్ములు మీ బాపు ఇస్తే నువ్వేం చేసినట్టే అని అడిగిన మనిషి ఆమే.

పరీక్షాధికారి కోదాడ నుంచి వచ్చాడు. తెల్లటి మనిషి, తెల్లటి బట్టలు, ఆంధ్ర వైపు తిరిగిన మెత్తటి మాట. మొదట నా గుంత దగ్గరే ఆగాడు. బకెట్టు నీళ్లు తనే పోసి, అవి గటగటా దిగిపోవడం చూశాడు.

"ఈ కుండ ఎందుకు పెట్టావమ్మా?"

చెప్పాను. పీచును ఎప్పుడు మార్చాలో, రాళ్లను ఎప్పుడు బయటికి తీసి కడగాలో కూడా చెప్పాను.

"శభాష్. పుస్తకం చదివినట్టు చెప్పావు."

"చదివే చెప్పిన సార్."

ఆయన నవ్వాడు. టీచర్ మొహం వెలిగింది. నాకు అప్పుడే రైలు కూత వినిపించింది. ఆ సంతోషంలో ఆయన అడిగిన తర్వాతి మాటకు ఎగిరి జవాబు చెప్పాను.

"మీ ఇల్లెక్కడమ్మా?"

"గదే సార్, ఆ ఎదురు గుడిసె."

ఆయన గుడిసెను చూశాడు, గుంతను చూశాడు. "అట్లాగా. మరి ఇది సేవ ఎలా అవుతుందమ్మా? నీ ఇంటి ముందు నువ్వు శుభ్రం చేసుకున్నావు. మంచి పనే, కాదనను. కానీ సేవంటే ఎదుటివాళ్లకు చేసేది కదా."

"గీడ ముప్పై ఇండ్లోళ్లు నీళ్లు పట్టుకుంటరు సార్."

"వాళ్లంతా మీవాళ్లేగా."

"మా గైడ్ల పుస్తకంల గట్లని ఎక్కడ లేదు సార్. నేను మొత్తం చదివిన."

"అన్నీ పుస్తకంలో ఉండవమ్మా," అన్నాడాయన, జాలిగా. టీచర్ చీర కుచ్చెళ్లకు అంటిన మట్టి దులుపుకుంటూ ఉండిపోయింది.

రెండో గుంత దగ్గర సేటు బిడ్డ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఇది నువ్వే చేశావా అని ఆయన అడిగితే టీచర్ వైపు చూసింది. అబద్ధం చెప్పడం ఆ పిల్లకు రాదు. అంతలో నీళ్లు పట్టుకుంటున్న మా అమ్మ అందుకుంది. నా మొహం చూసి ఏదో జరిగిందని ఆమెకు అర్థమైంది.

"గీ గుంత నేను తవ్విన సారూ."

"ఈవిడెవరు?"

"ఈ వాడ మనిషే సార్," అంది టీచర్. నా తల్లి అని చెప్పలేదు.

పరీక్షాధికారి మొహం విప్పారింది. "చూశారా! ప్రజల భాగస్వామ్యమంటే ఇదీ. బయటినుంచి వచ్చిన అమ్మాయి ఇక్కడివాళ్లను కదిలించి, వాళ్ల చేతనే చేయించింది. సేవలో ఇంతకు మించిందేముంటుంది!"

న్యాయం చేద్దామని అమ్మ చెప్పిన మాట సేటు బిడ్డకే మార్కులు తెచ్చింది. ఆయన వెళ్లిపోయాక "గా సారు నవ్విండు గదే, నీకిచ్చినట్టేనా?" అని అమ్మ అడిగింది.

ఆ వారమంతా గ్రంథాలయంలో కూర్చుని ఆ నియమం కోసం వెతికాను. మా గైడ్ల పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా మళ్లీ చదివాను. సొంత వాడకు చేస్తే సేవ కాదని ఒక్క వాక్యం కూడా లేదు. అదే ఆయనకు చెబుతానంటే టీచర్ వద్దంది. "పెద్దోళ్లతోని వాదం పెట్టుకోకు. పరీక్షల ముంగట ఇంకో జాగల చేసి చూపియ్యి, మళ్ల పిలిపిస్త."

ఒక ఆదివారం మిర్యాలగూడ బస్సెక్కాను. అక్కడ బియ్యం మిల్లు వెనక కూలీల ఇళ్ల వరసలో మా మేనత్త ఉండేది. ఊక బూడిద ఎగిరొచ్చి ఆరేసిన బట్టల మీద, అన్నం మీద పడేది. వాడిన నీళ్లు నల్లగా ఇళ్ల మధ్యే నిలిచేవి. ఎక్కడ తవ్వాలో అడుగులు కొలుచుకుని వచ్చి టీచర్‌కు చెప్పాను.

"ఆ జాగ నీకెట్ల తెలుసు?"

"మా మేనత్తోళ్లు ఉంటరు."

"మరి మళ్ల గదే మాట వస్తది గదా."

అప్పుడు నాకు పట్టుదల వచ్చింది. "అయితే సేటు వాళ్ల బజార్ల చేస్త టీచర్. వాన పడితే వాళ్ల మోరిల మురుగు రోడ్డు మీదికే వస్తది. ఆడ మావోళ్లు ఎవరు లేరు."

టీచర్ నన్ను వింతగా చూసి, ఆపుకోలేక నవ్వింది. "వాళ్లకు నువ్వు సేవ చేస్తవా? పిచ్చిదానా, నవ్వుతరే. నిన్ను పనికి పిలిచిన్రనుకుంటరు."

ఆమె నన్ను గేలి చేయలేదు. ఉన్నదే చెప్పింది. నాకు తెలిసిన మురికంతా మావాళ్లది, అందుకని దాన్ని నేను తీస్తే ఇంటి పని. మావాళ్లది కానిచోట తీస్తే కూలి పని. సేవ చేయడానికి నేను నిలబడగలిగిన జాగా సూర్యాపేటలోగానీ మిర్యాలగూడలోగానీ లేదు. కోదాడ దాకా పోయినా ఉండేది కాదు. పదో తరగతి పరీక్షలు వచ్చాయి, పోయాయి. గైడు స్కార్ఫు ఉతికి మడత పెట్టి బడిలో ఇచ్చేశాను.

సేటు బిడ్డ ఢిల్లీ వెళ్లి పట్టా తెచ్చుకుంది. సన్మాన సభలో మైకు ముందు నిలబడి "వాడ ప్రజలే ముందుకొచ్చి గడ్డపార పట్టారు" అని ఎవరో రాసిచ్చింది చదివింది. చదువుతున్నంతసేపూ నా వైపు చూడలేదు. ఢిల్లీ నుంచి మా అమ్మకు గాజులు తెచ్చిచ్చింది. అమ్మ అవి వేసుకునే ధాన్యం చెరిగింది. ఆ పిల్లకు రైల్వే ఉద్యోగం అక్కరలేదు. ఆ పట్టాకు అద్దం కట్టించి దుకాణంలో గల్లాపెట్టె పైన పెట్టారు. దాని కింద నేలను మా అమ్మ ఊడ్చేది.

తొంభైల్లో నేను కోదాడలో ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరాను. సెలవు దొరికితే ఇంటికి వచ్చేదాన్ని. ఇంకుడు గుంత తవ్వి వదిలేస్తే సరిపోదు. పీచు కుళ్లుతుంది, రాళ్ల మధ్య జిడ్డు పేరుకుంటుంది, నీళ్లు పైకి తంతాయి. ఇదంతా పుస్తకంలో ఉంది. పరీక్షాధికారికి చెప్పాను కూడా. సన్మానం చేసినవాళ్లెవరూ మళ్లీ వాడలోకి రాలేదు. బస్సు దిగి సంచీ ఇంట్లో పెట్టకముందే పక్కింటి పెద్దమ్మ కేక వినబడేది.

ఒక ఎండాకాలం అమ్మా నేనూ మా ఇంటి ముందరి గుంతలోంచి రాళ్లు బయటికి తీసి కడుగుతున్నాం. కంపుకు పిల్లలు దూరం నుంచే ముక్కులు పట్టుకుని చూస్తున్నారు.

"అప్పుడు నాకు కూలన్న వచ్చింది బిడ్డా," అంది అమ్మ, రాయి తోముతూ. "నీకు గదీ లేకపాయె."

నేను రాళ్లు మళ్లీ పేర్చి, కొత్త పీచు కుక్కి, కుండ పెట్టి, బకెట్టు నీళ్లు పోశాను. గటగటా దిగిపోయాయి. చేతులు కడుక్కుంటుండగా వాడ మొదట్లోని బోరింగు దగ్గర నుంచి పెద్దమ్మ అరిచింది.

"ఓ రాష్ట్రపతీ! నీ ఇంటి ముందరిదే సూసుకుంటవా ఏందే? ఈ కొసకు గూడ నీళ్లు పోతలేవు!"

ఆ గుంత మా ఇంటి ముందర లేదు. అమ్మ గడ్డపార అందుకుంది, నేను తట్ట ఎత్తుకున్నాను.