ఏటి చప్పుడు

ఆ రోజుల్లో (మరీ పాతవేం కావు, ఫోన్లో పాటలు వినే రోజులే) మా బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో పాటంటే కూలర్ మోతనీ, పక్కనే పోయే బొగ్గు గూడ్సునీ దాటుకుని వినబడాలి. అలా వినబడితే మా నాన్న "దమ్ముందే!" అనేవారు. బతుకంతా డీజిల్ షెడ్‌లో ఇంజన్ల మధ్య గడిపిన మనిషి మరి! ఆయన దమ్ముందన్నదే మా ఇంట్లో పాట, మిగతాదంతా గొణుగుడు. అప్పుడే నాకు వ్యాపార్ విహార్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కొత్తగా ఉద్యోగం. పొద్దస్తమానం లారీ హారన్లే. ఓ రోజు టీ తాగుతూ ఫోన్లో ఒక ఆల్బమ్ విన్నాను. ఎవరో అమ్మాయి, తనే రాసుకుని, ఒక్క గిటారు పట్టుకుని, ఇంట్లో పడుకున్నవాళ్ళు లేస్తారేమో అన్నంత మెల్లగా పాడుతోంది. ఆరేసిన బట్టలు తీయడం మరిచిపోయినందుకు ఒక పాట, బస్సు తప్పిపోయి నడిచొచ్చినందుకు ఒక పాట. అంతే! నాకు మాత్రం ఒళ్ళు పులకరించిపోయింది, టీ చల్లారిపోయింది. ఇది నాన్నకి వినిపించాలి, ఆయన చేత దమ్ముందనిపించాలి అని ఒకటే తహతహ. ఆదివారం వచ్చేలోపల సదర్ బజార్‌కి పరిగెత్తి చిన్న స్పీకర్ కూడా కొనేశాను.

ఆల్బమ్ పేరు 'ఏటి చప్పుడు'. (పుస్తకాల తెలుగులో ఏటి అంటే ఏరుది. మా ఉత్తరాంధ్ర ఇళ్ళలో ఏటి అంటే ఏమిటి. చిక్కంతా ఇక్కడే వచ్చింది.) మే నెల మధ్యాహ్నం, కూలర్ హోరుమంటోంది, నాన్న దాని ఎదురుగా చాప మీద వాలారు. నేను పాట పెట్టాను.

"ఏటే పాపా, ఏటి పెట్టావు?"

"ఏటి చప్పుడు, నాన్నా!"

"సప్పుడా? ఏటి సప్పుడు?"

"అదే నాన్నా, ఏటి చప్పుడే!"

"అచ్ఛా, నీకూ వినబడతందా?" అని నాన్న గభాలున లేచి కూలర్‌కి చెవి ఆనించారు. "బేరింగ్ పోయినట్టుందే" అంటూ స్పానర్ తెచ్చుకుని స్విచ్చి కట్టేశారు.

ఇల్లంతా ఒక్కసారిగా సద్దుమణిగింది. అప్పుడు వినబడింది ఆ అమ్మాయి గొంతు. నాన్న స్పానర్ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. వంటింట్లోంచి అమ్మ "కూలర్ ఎందుకాపీసారు, ఉడికిపోతన్నాం!" అని అరిచింది. "ఆగవే, పిల్ల పాడతంది" అన్నారు నాన్న, చెమట తుడుచుకుంటూ. ఆఖరి పాట దాకా విన్నారు. ఆ ఒక్క మాట కోసం నేను ఆయన మొహంలోకే చూస్తున్నాను.

"దమ్ము లేదే పాపా" అన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆయన చాప మీద కూర్చుని, "మళ్ళీ పెట్టు" అన్నారు.

ఆ వేసవంతా ఆదివారం వస్తే చాలు, "బేరింగ్ చూడాల" అంటూ నాన్న కూలర్ ఆపడం, నేను స్పీకర్ తీయడం. అమ్మ విసనకర్రతో విసురుకుంటూ ఇద్దరినీ తిట్టేది. బేరింగ్‌కి ఏ రోగమూ లేదు. ఇప్పుడు తిఫ్రాలో మా ఇంట్లో ఏసీ ఉంది, అది కిక్కురుమనదు. అయినా టీ చల్లార్చుకుని స్పీకర్ కోసం పరిగెత్తిన ఆ పిచ్చిపిల్ల గుర్తొచ్చి, ఆ పాటలు పెట్టినప్పుడల్లా ఏసీ కట్టేస్తుంటాను. ఎందుకని మా ఆయన విసుక్కుంటే, ఏదో చప్పుడొస్తోంది, చూడాలంటాను.