ముగ్గుపిండితో కట్టిన కొట్టం

అమీర్‌పేటలో ఫ్లాట్లకు ఇంటీరియర్స్ చేసే చిన్న ఆఫీసు నాది. గ్యాసుబండ ఎక్కడ దాచాలో, చెప్పుల స్టాండు ఎటు తిప్పాలో అడగండి, నిద్రలో లేపినా చెబుతాను. అలాంటి నా దగ్గరికి శంకర్‌పల్లి నుంచి మా అన్న వచ్చి, "చెల్లే, ఆవులకు కొట్టం గీసియ్యి. పాలు మిషనే పితికేటట్టు ఉండాలె" అన్నాడు. పడీ పడీ నవ్వాను. ఆయన నవ్వలేదు.

వదిన మణికట్లు పాడయ్యాయి. కాపురానికి వచ్చిన నాటి నుంచి పొద్దునా సాయంత్రం పాలు పితికిన చేతులు, ఇప్పుడు దువ్వెన పట్టుకోవడానికి కూడా మొరాయిస్తున్నాయి. సోమాజిగూడ డాక్టరు రెండు చేతులకూ కట్లు కట్టి, ఇక పితకొద్దని తెగేసి చెప్పాడు. పనివాళ్లా, నిలవరు. "మిషనన్న పెట్టాలె, లేకుంటె ఆవులనన్న అమ్మాలె" అని అన్న తేల్చేశాడు. బేరగాడు ఒకసారి వచ్చి చూసి కూడా వెళ్లాడు. వదిన మాత్రం మిషన్ అంటేనే మొండికేసింది.

"ఇనుప చేతికి నా ఆవులు చేపుతయా? నేను చెయ్యేస్తెనే పాలిడుస్తయి" అంది.

ఆమెకు కాగితం మీది గీతలు చూపించి ఒప్పిద్దామనుకున్నాను. చూడనైనా లేదు. నాకూ పంతం పుట్టింది. ఆదివారం పొద్దున్నే ఇద్దరినీ ఊరి నుంచి పిలిపించి మా బిల్డింగు డాబా మీదికి ఎక్కించాను. కొట్టమంతా పట్టదు కాబట్టి పాలు పితికే గది, దానికి వచ్చే దారి, పోయే దారి అసలు కొలతల్లో వేద్దామని కూర్చున్నాను. గరుకు సిమెంటు మీద చాక్‌పీసు ఇట్టే అరిగిపోయింది. ఇంట్లోంచి ముగ్గుపిండి డబ్బా తెచ్చి గోడలు పోశాను. పక్క డాబా మీద బట్టలు ఆరేస్తున్న హాస్టలు అమ్మాయిలు పిట్టగోడ దగ్గరికి చేరారు.

"ఏంటండీ, ఏం పూజ?" అని ఒకమ్మాయి అడిగింది.

"పూజ కాదమ్మా, ఆవుల ఇల్లు!" అన్నాను.

ఇక ఆట మొదలు. అన్న ఆవు. నేను మిషన్‌ని, రెండు చేతుల్లో నాలుగు స్టీలు గ్లాసులు. నిజం మిషన్ దగ్గరికి ఆవును ఎవరూ తోలనక్కర్లేదు. బుద్ధి పుట్టినప్పుడు దాణా కోసం అదే వస్తుంది, తింటుంటే మిషన్ చెయ్యి పొదుగు కడిగి గొట్టాలు తగిలిస్తుంది, పాలు అయిపోగానే ముందున్న బయటి గేటు తెరుచుకుంటుంది. వదినకు ఇదంతా చెప్పి, దాణా కింద పళ్లెంలో మురుకులు పెట్టి, "రా అన్నా" అన్నాను.

వచ్చాడు మహానుభావుడు. లుంగీ ఎత్తి పట్టుకుని, ముగ్గు గీత మీద కాలు పడకుండా ఇటు నుంచి అటు దాటేశాడు.

"అన్నా, అది గోడ!"

"ముగ్గు ఎట్ల తొక్కుతనే? అమ్మ మొట్టికాయలు మర్శినవా?"

"తొక్కొద్దు, దాటొద్దు! గేట్లకెళ్లి రా!"

"గోడలు దుంకే ఆవును సంతల సుత ఎవ్వరు కొనరు" అంది వదిన, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. అబ్బ, ఎన్నాళ్లకు విన్నానో ఆ వెటకారం! అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. అన్న ఈసారి బుద్ధిగా గేటులోంచి వచ్చి మురుకులు నమిలాడు. నేను గ్లాసులు ఆడించాను. గేటు తీసినా కదలడే! "పాలైపోయినయి, ఇగ దాణా లేదు, నడువ్" అని గ్లాసుతో వీపు మీద పొడిస్తే తప్ప కదల్లేదు. వదిన నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది.

తుడుచుకున్నాక ఆ ముగ్గు చుట్టూ ఒక్కతే తిరిగింది.

"అంత మంచిగనే ఉన్నది. మరి నేనేడ నిలబడాలె?"

ముగ్గు వైపు మళ్లీ చూశాను. ఆవుకు చోటు పెట్టాను, మిషన్‌కు పెట్టాను, దాణా మూటలకు కూడా పెట్టాను. ఆమెకు పెట్టలేదు.

వదిన వంగి ముగ్గు తీసుకోబోయింది. వేళ్లు బిగిసి పట్టుకోలేక పిండంతా జారిపోయింది. నేను చిటికెడు తీసుకుంటే, నా చేతి మీద తన చెయ్యి వేసి బయటి గేటు పక్కకు నడిపించింది. అక్కడ మా ఇద్దరి చేతులూ కలిసి చిన్న చతురస్రం గీశాయి.

"గీడ నాకో అరుగు కట్టు. పాలు మిషనే తీసుకోనియ్యి. బయటికొచ్చినంక మాత్రం ప్రతి ఆవు నా దగ్గరికొచ్చి గంగడోలు గోకిచ్చుకోని పోవాలె."

వెళ్లి ఆ చతురస్రంలో నిలబడింది. అన్న వైపు చూసి, "మల్లొక్కసారి రా" అంది.

అన్న మళ్లీ గేటులోంచి వచ్చాడు, మురుకు కొరికాడు, బయటికి వచ్చి ఆమె ముందు తల వంచాడు. కట్టు కట్టిన చేతి వేళ్లతో వదిన ఆయన గడ్డం కింద మెల్లగా గోకింది.

"ఇగ అమ్ముతనంటవా?"

అన్న మనిషిలా జవాబు చెప్పలేదు. అమీర్‌పేట అంతా వినబడేటట్టు "అంబా" అన్నాడు.